వారానికో గంట, ఏడాదిపాటు: టీనేజి పిల్లలకు మెంటర్‌గా వెళ్లాలనుకునేవారికి

బాలల సంరక్షణ హోముల్లో ఉండే పిల్లలకు, బస్తీల్లో బడి మానేసే దారిలో ఉన్న పిల్లలకు తోడుగా ఉంటామని ప్రతి జూన్‌లోనూ చాలామంది పెద్దవాళ్లు ముందుకొస్తారు. దసరా సెలవులు దాటేసరికి వాళ్లలో చాలామంది కనబడరు. ఆఫీసులో పని పెరిగిందనో, ఇల్లు దూరమైందనో, ఇంట్లో ఎవరికో బాగాలేదనో ఆగిపోతారు. కారణాలన్నీ నిజమే. కానీ అవతలివైపు ఉన్నది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లాడు. వాడి జీవితంలోంచి చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దవాళ్లు అప్పటికే ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ లెక్కలో మనమూ చేరతాం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. న్యూయార్క్‌లో ఎర్నెస్ట్ కౌల్టర్ అనే కోర్టు గుమాస్తా, కేసుల్లో ఇరుక్కుని కోర్టుకొస్తున్న పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక పెద్దమనిషి తోడుండాలని 1904లో మొదలుపెట్టిన పనే ఆ తర్వాత బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థగా పెరిగింది. ఆ సంస్థలోని జతల మీద, అంటే ఒక పెద్దమనిషి, ఒక పిల్లాడు కలిసిన జోడీల మీద, జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఏడాదీ అంతకుమించీ నిలిచిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో మాత్రం పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం మునుపటికన్నా తగ్గింది. అంటే సగంలో ఆపేస్తే ఉన్నది కూడా పోతుంది. అందుకే వచ్చేవాళ్లను ముందుగా అడగాల్సింది చదువు గురించో అనుభవం గురించో కాదు. వచ్చే జూన్‌దాకా ఇదే ఊళ్లో ఉంటారా, ఆదివారం పొద్దున పదింటికి మీ గంట మీ చేతిలో ఉంటుందా అని. ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నవాళ్లు, పై చదువుకి వీసా కోసం చూస్తున్నవాళ్లు దీనికి రాకుండా నెలకోసారి జరిగే క్లాసుల్లోనో, పుస్తకాలు సర్దే పనిలోనో చేరడం మంచిది. అదీ కావలసిన పనే. పైగా దాన్ని మధ్యలో వదిలినా పిల్లల మనసు విరగదు.

ఇంటినుంచి ఆ చోటికి నలభై నిమిషాలకు మించి ప్రయాణం ఉండకూడదు. కూకట్‌పల్లిలో ఉండే మనిషికి సైదాబాద్‌లో పిల్లాడిని అప్పగిస్తే మొదటి వాన దాకా వస్తాడు. ఆ తర్వాత కష్టం.

ఎవరికి వాళ్లు నేరుగా హోముకి వెళ్లి ‘పిల్లలతో గడుపుతాం’ అంటే కుదరదు, కుదరకూడదు కూడా. ఒక సంస్థ తరఫునే వెళ్లాలి. పోలీసు వెరిఫికేషన్, హోము సూపరింటెండెంట్ అనుమతి, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కి సమాచారం, పిల్లల రక్షణ నియమాల మీద సంతకం, ఇవన్నీ అయ్యాకే మొదటి అడుగు. ఇవి అవడానికి నెలా, నెలన్నరా పడుతుంది. ఆ ఆలస్యానికి విసుక్కునేవాళ్లు ముందుముందు పిల్లాడి మీదా విసుక్కుంటారు. అబ్బాయిలకు మగవాళ్లను, అమ్మాయిలకు ఆడవాళ్లను జతచేయాలి. మాట్లాడుకునేది ఇద్దరే అయినా నలుగురి కళ్లకూ కనబడే చోట కూర్చోవాలి. వరండా, చెట్టుకింద అరుగు, తలుపు తీసి ఉన్న లైబ్రరీ గది, ఏదైనా సరే. బండి మీద ఎక్కించుకుని తిప్పడం, ఇంటికి తీసుకెళ్లడం వద్దు. ఇది పిల్లాడికి ఎంత కాపో మెంటర్‌కీ అంతే.

మొదటి కలయిక గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. ఎదురెదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ‘నీ పేరేంటి, ఏ ఊరు, నాన్నేం చేస్తారు’ అని మొదలుపెడతారు. ఆ పిల్లాడు ఈ ప్రశ్నలకు పోలీసు దగ్గర, బాలల సంక్షేమ కమిటీ ముందు, కౌన్సెలర్ దగ్గర, వార్డెన్ దగ్గర జవాబు చెప్పే వచ్చాడు. మనం అడిగితే ఐదో ఆఫీసరవుతాం. నాన్న జైల్లో ఉండొచ్చు, అమ్మ ఇంకొకరితో వెళ్లిపోయి ఉండొచ్చు. ఇంటి విషయం వాడంతట వాడు ఎత్తేదాకా మనం ఎత్తకూడదు. ఆరు నెలలు పట్టినా సరే.

దానికి బదులు చేతులకు పని ఉండాలి. క్యారమ్ బోర్డు అన్నిటికన్నా బాగా పనికొస్తుంది. ఇద్దరి కళ్లూ బోర్డు మీద ఉంటాయి, మాట్లాడకపోయినా ఇబ్బందిగా ఉండదు, మాట్లాడితే కాయిన్ల మీద చూపు పెట్టుకుని మాట్లాడొచ్చు. సైకిల్ పంక్చర్ వేయడం, పాత ఫ్యాను విప్పి తుడవడం, చదరంగం, బొమ్మలు గీయడం కూడా ఇలాంటివే. ఈ వయసు పిల్లలు మొహంలోకి చూస్తూ మనసు విప్పరు, పక్కపక్కన నడుస్తూ విప్పుతారు. మొదటిరోజు నలభై నిమిషాలు చాలు. వాడి నోటినుంచి వచ్చేవి ‘ఏమో’, ‘ఏం లేదన్నా’, ‘మంచిగనే ఉన్న’ అన్న మూడు ముక్కలే అయినా కంగారుపడనక్కర్లేదు. లేచే ముందు మళ్లీ ఎప్పుడొస్తారో తేదీ, టైము వాడి నోట్‌బుక్‌లో వాడిచేతే రాయించాలి. ఆ తేదీకి, ఆ టైముకి అక్కడ ఉండాలి. మొదటి రెండు నెలల్లో మీరు చేయగలిగిన పెద్ద సాయం ఇదొక్కటే.

పిలుపుల సంగతి. అన్నా, అక్కా చాలు. సార్, మేడమ్ అంటే బడి గుర్తొస్తుంది. అంకుల్ అంటే దూరం. మీరు మాత్రం వాణ్ని పేరుతోనే పిలవండి. ‘ఏరా’ అనే చనువు వాడిచ్చేదాకా తీసుకోవద్దు. వాడి చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ‘రా’ అనేది తిట్టడానికే.

రాలేని రోజు ఉంటుంది. ముందురోజే వార్డెన్‌కి ఫోన్ చేసి, పిల్లాడితో మాట్లాడి, ఎందుకు రాలేకపోతున్నారో ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘మా అమ్మకు జ్వరం, వచ్చే ఆదివారం పదింటికి వస్తా’ అంటే వాడికి అర్థమవుతుంది. చెప్పకుండా ఎగ్గొట్టి, మరుసటి వారం చాక్లెట్లతో వస్తే వాడు చాక్లెట్ తీసుకుంటాడు, మాట మాత్రం ఇవ్వడు. చెప్పకుండా రెండుసార్లు మానేస్తే మూడోవారం వాడు గదిలోంచి బయటికి రాకపోవచ్చు.

చక్కగా వస్తున్నవాళ్లకూ రెండో నెలకో మూడో నెలకో ఒక గట్టి దెబ్బ తగులుతుంది. అప్పటిదాకా నవ్వుతూ వచ్చిన పిల్లాడు ఒకరోజు ‘నిద్రొస్తుంది, పో’ అంటాడు. బూతు మాట వాడతాడు, వెయ్యి రూపాయలడుగుతాడు, పక్క పిల్లాడితో కలిసి మిమ్మల్ని ఎగతాళి చేస్తాడు. చాలామంది వాలంటీర్లు ‘వీడికి నా అవసరం లేదు’ అనుకుని తప్పుకునేది సరిగ్గా ఇక్కడే. వాడు పరీక్ష పెడుతున్నాడు. ఈ మనిషి కూడా పోతాడా, పోయేవాడైతే ఇప్పుడే పొమ్మందాం, ఇంకా దగ్గరయ్యాక పోతే మరీ నొప్పి అని. చేయాల్సింది కష్టమేం కాదు. ‘సరే, పడుకో. నేను పదకొండు దాకా ఈ వరండాలోనే ఉంటా’ అని చెప్పి నిజంగానే పదకొండు దాకా కూర్చోవాలి. ఫోన్ చూసుకుంటూ కాదు, పుస్తకమో పేపరో పట్టుకుని. వాడు కిటికీలోంచి చూస్తూనే ఉంటాడు. వచ్చే వారం ఆ విషయం ఎత్తకూడదు, దెప్పకూడదు.

డబ్బు విషయంలో నియమం ఒక్కటే. చేతికి నగదు వద్దు, ఫోన్ కొనివ్వొద్దు, బూట్లు, బట్టలు వద్దు. మీ పిల్లాడికి బూట్లొస్తే ఆ గదిలో ఉన్న మిగతా పిల్లల మొహాలు చూడాలి. ఆ బూట్లు వారంలో పోతాయి, గొడవ మొదలవుతుంది, వార్డెన్‌కి మీ మీద కోపం వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. అప్పటినుంచి వాడు మీ చేతుల వైపు చూస్తాడు. పరీక్ష ఫీజో, ఐటీఐ ఫీజో కట్టాల్సి వస్తే సంస్థ ద్వారా నేరుగా కాలేజీకి కట్టండి. పండగ రోజు అందరికీ కలిపి మిఠాయి తేవచ్చు. ఇద్దరూ కలిసి మిర్చి బజ్జీలు తినడానికి ఏ నియమం అడ్డురాదు.

ఫోటోల గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ‘మా హోము పిల్లలతో ఆదివారం’ అని స్టేటస్ పెట్టడం తప్పే కాదు, నేరం కూడా. సంరక్షణ అవసరమైన పిల్లలవైనా, కేసుల్లో ఉన్న పిల్లలవైనా పేరు, ఫోటో, బడి, చిరునామా బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలలదాకా జైలు, 2 లక్షల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మొహం మీద ఎమోజీ అతికించినా వెనక హోము బోర్డు కనబడితే ఎవరో తెలిసిపోయినట్టే.

ఒకరోజు వాడు గొంతు తగ్గించి, ‘అన్నా, ఒకటి చెప్తా, ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్’ అంటాడు. ఒట్టు వేయకూడదు. ఆ క్షణంలో కాదంటే వాడు నోరు మూసుకుంటాడేమోనని భయమేస్తుంది. అయినా ముందే నిజం చెప్పాలి: ‘నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. కానీ నిన్నెవరైనా హింసిస్తున్నారంటే, నీ ప్రాణానికి ప్రమాదమంటే మాత్రం దాన్ని ఆపగలిగినవాళ్లకు చెప్తా. ఎవరికి చెప్తున్నానో ముందు నీకు చెప్పే చెప్తా.’ ఇది మొదటి నెలలోనే, ఏ గొడవా లేని రోజున ఒకసారి చెప్పి ఉంచితే అసలు సమయానికి తడబాటుండదు.

లైంగిక హింస సంగతి బయటపడితే పిల్లలను లైంగిక నేరాలనుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. రుజువులు వెతకడం మీ పని కాదు, అనుమానం చాలు. అక్కడ జరిగే పొరపాటేమిటంటే, మంచి మనసుతోనే ‘ఎప్పుడు, ఎక్కడ, ఎలా’ అని గుచ్చిగుచ్చి అడగడం. ఒకే సంగతి నలుగురికి నాలుగుసార్లు చెప్పేసరికి పిల్లాడు నలిగిపోతాడు, మన ప్రశ్నల్లోని మాటలు వాడి జవాబుల్లోకి వచ్చి రేపు కేసు బలహీనపడుతుంది. వినండి. ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు’ అనండి. ఆ రోజే వాడి మాటల్లోనే రాసి, తేదీ, టైము వేసి మీ సంస్థ కోఆర్డినేటర్‌కి ఇవ్వండి. ఇద్దరూ కలిసి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆరోపణ హోములో పనిచేసేవాళ్ల మీదే అయితే హోముకి చెప్పకుండా నేరుగా పోలీసులకు, బాలల సంక్షేమ కమిటీకి వెళ్లాలి.

ఇక చదువు. టెన్త్ ఫలితాలొచ్చిన వారం మెంటర్‌కి ఏడాది మొత్తంలోకీ ముఖ్యమైనది. లెక్కల్లో పోయిన పిల్లాడు ముందుగా చేసే పని దాక్కోవడం. సప్లిమెంటరీకి ఫీజు బడిలో కట్టాలి, గడువు కొద్ది రోజులే ఉంటుంది. బడికి మొహం చూపించలేక ఆ నాలుగు రోజులూ బయట తిరుగుతాడు, గడువు పోతుంది, ఏడాది పోతుంది, ఆ ఏడాదిలోనే మెకానిక్ షెడ్డులోనో సెంట్రింగ్ పనిలోనో కుదిరిపోతాడు. బడి మానేయడమంటే చాలాసార్లు జరిగేది ఇంతే, ఎవరూ కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదు. ఫలితాలు ఏ రోజొస్తాయో తెలుసుకుని ఆ సాయంత్రమే వెళ్లండి, మరుసటి పొద్దున వాడితోపాటు హెడ్మాస్టర్ దగ్గరికి నడవండి. పరీక్షకు మూడు నాలుగు వారాలుంటుంది. ఆ కాస్త సమయంలో పుస్తకమంతా తిరగేయడం దండగ. 35 మార్కులకు సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత, నిరూపక రేఖాగణితంలో దూరం సూత్రం, బహుపదుల గ్రాఫు, సరూప త్రిభుజాల నిర్మాణం గట్టిగా పట్టుకోవాలి. గ్రాఫుకి, నిర్మాణానికి భాషతో పెద్దగా పనిలేదు, చేతి వాటం చాలు. చేత్తో పనిచేసే పిల్లలకు అవి త్వరగా వస్తాయి.

సప్లిమెంటరీ కూడా దాటిపోతే ఓపెన్ టెన్త్ ఉంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సార్వత్రిక విద్యాపీఠాలున్నాయి, దేశం మొత్తానికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే చేరొచ్చు. ఎన్ఐఓఎస్‌లో ఐదేళ్ల గడువులో సబ్జెక్టులు విడివిడిగా పాసవచ్చు, రెగ్యులర్‌గా పాసైన వాటిలో రెండింటి మార్కులు ఇటు మార్చుకోవచ్చు. పనికెళ్తున్న పిల్లాడికి ఇదే దారి. ఇంజనీరింగే చదవాలన్న పట్టుదల మనకుంటే దాన్ని ఇంటి దగ్గరే వదిలి రావాలి. ఎనిమిదో తరగతితోనే ఐటీఐలో వెల్డర్, ప్లంబర్, వైర్‌మన్ వంటి ట్రేడ్లున్నాయి. వెల్డర్ ఏడాది కోర్సు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వాటికి టెన్త్ కావాలి. టెన్త్ పాసైన వాళ్లకు పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరే దారీ ఉంది.

ఇంట్లో గడవక పనికెళ్లే పిల్లలను ‘పని మానెయ్’ అంటే వినరు, వినలేరు. పద్నాలుగు దాటినవాళ్లు ప్రమాదం లేని పని చేయొచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. కానీ గంటలు చూడాలి. దుకాణంలోనో వర్క్‌షాపులోనో పెట్టుకుంటే విశ్రాంతితో కలిపి రోజుకి ఆరు గంటలకు మించకూడదు, మూడు గంటలు పనిచేయించాక గంట విరామం ఇవ్వాలి, రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చెప్పకూడదు, వారానికి ఒకరోజు సెలవు. బట్టల షాపులో రాత్రి పదింటిదాకా నిలబడిన పిల్లాడు పొద్దున క్లాసులో నిద్రపోతే అది బద్ధకం కాదు. యజమానితో గొడవకు దిగితే పని పోయేది పిల్లాడికే. ముందు కోఆర్డినేటర్‌తో మాట్లాడి, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, వేళలు మార్పించే ప్రయత్నం చేయాలి.

అమ్మాయిల విషయంలో ప్రమాదం పెళ్లి రూపంలో వస్తుంది. టెన్త్ పరీక్షలు అయిపోవడం, పెళ్లి ముహూర్తాలు రావడం ఒకేసారి. ‘అత్త వాళ్లు వచ్చిపోయారు’, ‘కొత్త పట్టీలు కొన్నారు’, ‘ఇంక బడికి పంపరంట’ అన్న మాటలు వింటే ఆ రోజే కోఆర్డినేటర్‌కి చెప్పాలి. 1098కి గానీ, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారి సీడీపీఓకి గానీ కబురు పెడితే అధికారులు వెళ్లి ఆపుతారు, అవసరమైతే కోర్టు ఇంజంక్షన్ ఇస్తుంది. మెంటర్ అక్క స్వయంగా వాళ్లింటికి వెళ్లి తండ్రితో వాదించకూడదు. పెళ్లి ఆగినా ఆ ఇంటి తలుపు ఆమెకు మూసుకుపోతుంది. ఆ తర్వాతి నెలల్లో ఆ అమ్మాయికి కావలసింది ఆమే. కస్తూర్బా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇంటర్ దాకా ఉంది. అక్కడ సీటు చూసిపెడితే తల్లిదండ్రులకూ ‘హాస్టల్లో చదువుకుంటోంది’ అని బంధువులకు చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది.

వైట్‌నర్, గంజాయి. రుమాలు మాటిమాటికీ ముక్కు దగ్గరికి పోవడం, ముక్కు చుట్టూ దద్దు, కెమికల్ వాసన, ఆకలి లేకపోవడం చూస్తే అనుమానించాలి. ఉపన్యాసం వద్దు. మత్తులో ఉన్నప్పుడు అసలే మాట్లాడొద్దు. దిగాక ‘ఎప్పుడెప్పుడు తీసుకోవాలనిపిస్తుంది’ అని అడిగితే జవాబులో ఆకలో, రాత్రి భయమో, ఒక ఫలానా స్నేహితుడో ఉంటాడు. పని అక్కడ మొదలుపెట్టాలి. అలవాటు ముదిరితే అది మెంటర్ చేతిలో పని కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.

కాగితాల పని ఎవరికీ ఇష్టముండదు గానీ పద్దెనిమిది నిండిన రోజున పిల్లాడిని కాపాడేవి అవే. పదహారో ఏట మొదలుపెట్టాలి. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, పుట్టినతేదీ ఒకచోట జనవరి 1 అని ఉంటాయి. టెన్త్ మెమో అచ్చయ్యాక మార్చడం చాలా కష్టం, అందుకే బడినుంచి పరీక్షకు పిల్లల వివరాల జాబితా (నామినల్ రోల్స్) వెళ్లేలోపే సరిచేయించాలి. పదిహేను దాటగానే ఆధార్‌లో వేలిముద్రలు తప్పనిసరిగా అప్‌డేట్ చేయించాలి. లేదంటే బ్యాంకులో, స్కాలర్‌షిప్‌లో ఎక్కడికక్కడ ఆగిపోతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో, బ్యాంకు ఖాతా వాడి పేరు మీదే. హోములో ఉన్న పిల్లలకు పద్దెనిమిది తర్వాత ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్ కేర్ సాయం చట్టంలో ఉంది. దానికి పుట్టినరోజుకి ఆరు నెలల ముందే హోము ద్వారా దరఖాస్తు కదిలించాలి. పుట్టినరోజు దాటాక తిరిగితే అప్పటికే పెట్టె సర్దేసి ఉంటారు.

ప్రతి కలయిక తర్వాత నాలుగు లైన్లు రాయండి. ఏం చేశాం, ఏం మాట ఇచ్చాం, ఏం తేడా కనిపించింది, వచ్చేవారం ఏం అడగాలి. ‘ఫ్రెండ్‌కి కాలు విరిగింది’ అన్న మాటను వారం తర్వాత గుర్తుపెట్టుకుని అడిగితే వాడు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. ఆ నోట్సులో ఇంటిపేర్లు రాయొద్దు.

ముగింపుని కూడా మొదలుపెట్టినంత శ్రద్ధగా చేయాలి. ఆరు వారాల ముందే చెప్పండి, క్యాలెండర్ మీద ఆఖరి తేదీ చూపించండి. వాడికి కోపం రావచ్చు, రెండు వారాలు ముఖం చాటేయొచ్చు. ‘అప్పుడప్పుడూ వస్తుంటాలే’ అని అనొద్దు, రారు కాబట్టి. ఇంకో ఏడాది కొనసాగించగలిగితే అది నిజంగా మంచిది, అలాగని ఏప్రిల్‌లోనే చెప్పండి. లేకపోతే కొత్త మెంటర్‌ని మీరున్నప్పుడే తీసుకొచ్చి రెండు ఆదివారాలు ముగ్గురూ కలిసి కూర్చోండి. అప్పగించే కాగితంలో ఐదు సంగతులుంటే చాలు: పెండింగులో ఉన్న సబ్జెక్టులు, ఫీజుల గడువులు, ఏ సర్టిఫికెట్ ఏ ఆఫీసులో ఏ దశలో ఉంది, ఏ మాట ఎత్తితే వాడు మూసుకుపోతాడు, క్యారమ్‌లో వాడు రెడ్ కోసం ఎంత ఆత్రపడతాడు.